పర్లాకిమిడి మహారాజా మనకి మేలు చేశాడా, కీడు చేశాడా? ఇంట్లో గొడవైపోయింది

మహేంద్రతనయ_ఒడ్డు
మావాడు ఎనిమిదో తరగతి, ఒడియా మీడియం. ఏప్రిల్ 1న ఉత్కళ దివస్‌కి (ఒడిశా రాష్ట్రం ఏర్పడిన రోజు) బళ్ళో కృష్ణచంద్ర గజపతి గురించి మాట్లాడమన్నారు. ఊరు ఆయనది, జిల్లా పేరు ఆయనది, ఇందులో కష్టమేముంది అనుకున్నాను.

నిన్న రాత్రి అన్నాల దగ్గర వాడు ప్రాక్టీసు మొదలెట్టాడు. "ఆధునిక ఒడిశా నిర్మాత" అన్నాడో లేదో మా నాన్న కంచం తోసేశాడు. "నిర్మాతా? మన ఊరిని తీసుకెళ్ళి అవతలోళ్ళ చేతిలో పెట్టినోడు" అని చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. పిల్లాడు బిక్కమొహం వేశాడు. పొద్దున్నుంచి తాతా మనవడూ మాట్లాడుకోవడం లేదు. మధ్యలో నాకు టెన్షన్.

వాట్సాప్‌లో తిరిగేవి వద్దు. ఆయన నిజంగా ఏం చేశాడో తెలిసినవాళ్ళు చెప్పండి.

గుణుపురం_గుంటడు
రైలేయించాడు. ఇంకేటి కావాలి?

చిన్నబండి
గుంటడూ, అక్కడే తప్పులో కాలేశావు. నౌపడా నుంచి పర్లాకిమిడికి రైలు వచ్చింది 1900లో. ఈయన పుట్టింది 1892 ఏప్రిల్ 26. ఎనిమిదేళ్ళ పిల్లాడు రైలు వేయించాడంటావా? అది వాళ్ళ నాన్న గౌరచంద్ర గజపతి పని. 25 మైళ్ళ చిన్న లైను, ఏడు లక్షల రూపాయలు ఖర్చు. మెయిన్ లైను మా ఊరి మీదుగా పోవట్లేదు, సరుకు బళ్ళ మీద తోలలేక చస్తున్నాం అని సొంత డబ్బు పోసి వేయించుకున్నాడు. దాన్ని గుణుపురం దాకా లాగడం మాత్రం కొడుకు హయాంలోనే, 1931కి పూర్తయింది. కాబట్టి నీ ఊరి వరకూ నీ మాట సగం నిజం.

ఆ బండి నేను ఎక్కాను. బొగ్గు ఇంజను రోజులు. కాశీనగరం దాటాక మలుపులో కిటికీలోంచి తల పెడితే నుసి వచ్చి కంట్లో పడేది. మా నాయనమ్మ చీర కొంగు కొస నోట్లో తడిపి, చుట్టలా మెలేసి కన్ను తుడిచేది. ఆ కొంగుకి చింతపండు వాసన, ఎందుకంటే ఆవిడ ఒళ్ళో ఎప్పుడూ చింతపండు బుట్టే ఉండేది. బండి ఎంత నెమ్మదంటే, ఒకాయన దిగి గట్టు మీద పని కానిచ్చుకుని మళ్ళీ అదే పెట్టె ఎక్కడం నేను చూశాను. ఒట్టు.

2004లో ఆపేశారు. పెద్ద లైను 2010, 2011 నాటికి వచ్చింది. ఇప్పుడు అద్దాలు మూసుకుని కూర్చోవడమే.

బరంపురం_బావ
ఆ దిగినాయన మీరే కదా మాస్టారూ 😀

చిన్నబండి
అప్పుడు నాకు ఏడేళ్ళు. మిగతాది మీ ఊహకి.

చరిత్ర_పిచ్చి
ముందు ఒక మాట తేల్చుకుందాం. అందరూ సంస్థానం, మహారాజు అంటున్నారు. పర్లాకిమిడి సంస్థానం కాదు, జమీందారీ. మద్రాసు ప్రెసిడెన్సీ, గంజాం జిల్లా. 1802 పర్మనెంట్ సెటిల్‌మెంట్ తర్వాత ఏటా కంపెనీకి పేష్కష్, అంటే కప్పం, కట్టి, రైతు దగ్గర శిస్తు వసూలు చేసుకునే ఏర్పాటు. సొంత కోర్టులు, సొంత చట్టాలు ఉన్న సంస్థానాలంటే మయూర్‌భంజ్, కలహండి లాంటివి. బరోడాలో శాయాజీరావు 1906లో రాజ్యమంతా ప్రాథమిక విద్య తప్పనిసరి చేశాడంటే ఆయన చేతిలో చట్టం ఉంది. మన రాజావారి చేతిలో ఉన్నది శిస్తు డబ్బు, పలుకుబడి. ఆయన్ని శాయాజీరావు పక్కన నిలబెట్టి చిన్నవాడనడం కుదరదు, పెద్దవాడనడమూ కుదరదు.

బరంపురం_బావ
మా తాతల కాలంలో ఆయన వీధిలోంచి వెళ్తే చెప్పులు విప్పి నిలబడేవారట. పేష్కష్ చదివి విప్పారా? జనానికి రాజంటే రాజే.

చరిత్ర_పిచ్చి
అందుకే కదా బావా, చట్టం లేకుండానే ఇంత చేయగలిగాడు. చెప్పులు విప్పించుకున్న దాన్ని మాత్రం సంస్కరణల లెక్కలో వేయకండి.

పాతపట్నం_పాప
మేం రాష్ట్రాల గీతకి ఇవతల, ఆంధ్రలో ఉన్నాం. ఆటో ఎక్కితే పర్లాకిమిడి పది నిమిషాలు. మా అత్తగారిది పర్లాకిమిడి, నాది పాతపట్నం. పురుడుకి అటు, పెళ్ళికి ఇటు. మా ఆయన రేషను కార్డు మీద ఇంటిపేరు ఒడియాలో రాసి, మళ్ళీ ఇంగ్లీషులోకి మార్చి, ఆధార్‌లో ఇంకోలా పడింది. ఇప్పుడు ఆయన ముగ్గురు మనుషులు.

ఇంత దగ్గర ఊళ్ళ మధ్య గీత ఎవడు గీశాడో చెప్పండి. రాజా, తెల్లోడా?

చరిత్ర_పిచ్చి
పాప గారూ, ఇద్దరూ.

రాజావారు ఒడియా వాళ్ళందరికీ ఒక రాష్ట్రం కావాలన్న ఉద్యమంలో చిన్నప్పుడే దిగారు. 1913లో ఎస్టేటు చేతికొచ్చింది, మరుసటేడే ఉత్కళ సమ్మిళని సభలు పర్లాకిమిడిలో పెట్టించారు. 1930లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్ళి ఇదే వాదించారు. ఆయన కోరిక జమీందారీ మొత్తం అటు వెళ్ళాలని. కానీ బ్రిటిష్ సర్కారు 1933 శ్వేతపత్రంలో చూస్తే కొరాపుట్ వైపు జయపురం జమీందారీ లేదు, పర్లాకిమిడీ లేదు. మళ్ళీ పట్టుబట్టారు. 1934లో పార్లమెంటు జాయింట్ కమిటీ జయపురాన్ని, పర్లాకిమిడిలో ఒక ముక్కని ఒడిశాలో కలపమంది. ఆ ముక్కలో పట్టణమూ కోటా ఉన్నాయి. టెక్కలి, మీ పాతపట్నం వైపు మద్రాసులో ఉండిపోయాయి.

అంటే రాజుగారు తన ఇంటిని తనే రెండు ముక్కలు చేసుకున్నారు. పొలాల్లో ఎక్కువ భాగం ఇటు, కోట అటు.

పాతపట్నం_పాప
మా ఆయన మూడు ముక్కలైతే ఆయన రెండేగా. నయం.

గిడుగు_గొడుగు
మహేంద్రతనయ గారూ, మీ నాన్నగారి కోపం ఉత్తుత్తిది కాదు. గిడుగు రామమూర్తి పంతులు 1880లో పర్లాకిమిడి వచ్చి రాజావారి బళ్ళో మాస్టరుగా చేరారు. ఆ ఊళ్ళోనే సవర భాష నేర్చుకున్నారు, సవరలకి బళ్ళు పెట్టించారు, ఆ ఊళ్ళోనే మనం మాట్లాడుకునే తెలుగులో రాయాలని పండితులతో యుద్ధం మొదలెట్టారు. పర్లాకిమిడిని ఒడిశాలో కలిపేస్తారంటే తెలుగువాళ్ళ తరఫున నిలబడి, వచ్చిన ప్రతి విచారణ సంఘానికీ మహజర్లు (అర్జీలు) పెట్టారు. 1936లో కలిపేశారు. అప్పటికి డెబ్బై దాటిన మనిషి. యాభై ఆరేళ్ళ ఊరు వదిలేసి రాజమండ్రి వెళ్ళిపోయారు. 1940లో పోయారు.

ఈ చర్చలో మనమంతా ఇలా వాడుకభాషలో రాసుకుంటున్నామంటే ఆయన పుణ్యం. ఆయన్ని ఊరు దాటించినది ఆ రాజుగారి పట్టుదల. ఆ మాట లేకుండా ఉపన్యాసం ఎలా?

బరంపురం_బావ
గొడుగు గారూ, ఆవేశం తగ్గించండి. పంతులు గారికి ఉద్యోగం ఇచ్చిన బడి ఎవరిది? ఆ కోట వాళ్ళదే. 1896లో అదే ఊళ్ళో కాలేజీ పెట్టిందీ వాళ్ళే. చుట్టుపక్కల తెలుగు పిల్లలు ఎంతమంది ఆ కాలేజీలో చదివి ప్లీడర్లు, డాక్టర్లు అయ్యారో. మా పెదనాన్న కూడా.

గిడుగు_గొడుగు
బడి పెట్టినందుకు దండం. గీత గీయించినందుకు నిలదీత. రెండూ ఒకే నోటితో చేయలేమా?

రాయగడ_రోడ్డు
అందరూ పర్లాకిమిడి పట్టుకుని వేలాడుతున్నారు. మా జయపురం విక్రమదేవ వర్మ గారి మాటేమిటి? తెలుగు, ఒడియా, సంస్కృతం మూడింట్లో పండితుడు. గద్దె ఎక్కకముందు ఎక్కువ కాలం విశాఖలోనే ఉన్నారు. 1931లో రాజయ్యారు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు! అప్పటి లక్ష! అక్కడి సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టారు, యూనివర్సిటీ కళాప్రపూర్ణ ఇచ్చింది. ఎస్టేటు ఒడిశాలోకి వెళ్ళినా తెలుగు యూనివర్సిటీకి ఇచ్చిన మాట తప్పలేదు. సంస్కర్త అంటే ఆయన.

సవరకొండ
రోడ్డు అన్నా, ఆ లక్ష ఎక్కడిది?

రాయగడ_రోడ్డు
ఎస్టేటుది.

సవరకొండ
ఎస్టేటుకి ఎక్కడిది? కొండ మీద పోడు కొట్టుకునే వాడి దగ్గరిది. షావుకారు దగ్గర చేసిన అప్పుకి గొతి కింద ఏళ్ళ తరబడి వెట్టి చేసినవాడి ఊరిది. గొతిని తీసేస్తూ చట్టం వచ్చింది 1948లో, అంటే తెల్లోడు పోయాక. మా కొండల శిస్తు వాల్తేరులో మేడలైంది. మంచిదే, పిల్లలు చదువుకున్నారు. అందులో మా పిల్లలు ఎంతమంది?

నేను సవర. మీరు తెలుగా ఒడియానా అని వంద ఏళ్ళుగా కొట్టుకుంటున్నారు. మమ్మల్ని ఎవరూ ఏ గీతకి ఏ పక్క ఉంటారని అడగలేదు. గిడుగు పంతులుని మాత్రం మా ఇంట్లో ఏమీ అనం. మా మాటని మొదట కాగితం మీద పెట్టింది ఆయనే. ఇంకోటి కూడా రాసుకోండి: మీకు అంత బాధగా ఉన్న ఆ 1936లోనే, జూన్ 18న, గుణుపురం వైపు మారిచగుడలో మంగయి గొమాంగో మాకు సొంత లిపి తయారు చేశాడు. సొరంగ్ సొంపెంగ్. మా తాత పలక మీద రాసి చూపించేవాడు. మా ఇంట్లో 1936 అంటే అది.

గుణుపురం_గుంటడు
సవరకొండ అన్నా, మా ఊరి పక్కనే మారిచగుడ, నాకీ సంగతి ఇన్నాళ్ళూ తెలీదు. సిగ్గేసింది.

రాయగడ_రోడ్డు
మీ మాట కాదనను. కానీ ఆ రోజుల్లో అదే శిస్తుతో వేట, విదేశీ కార్లు, డాన్సులు చేసినవాళ్ళు బోలెడు. ఈయన కాలేజీకి ఇచ్చాడు. తేడా లేదా?

సవరకొండ
ఉంది. తేడా ఉందని చెప్పండి. దేవుడని చెప్పకండి.

సోలాపూర్_మగ్గం
మధ్యలో దూరుతున్నాను. మేం మహారాష్ట్ర అంచున, సోలాపూర్ పద్మశాలీలం. మా ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, సంతలో కన్నడ. పక్క కొల్హాపూర్ షాహూ మహారాజ్ సంగతి ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. 1902 జూలై 26న తన సంస్థానం కొలువుల్లో సగం వెనుకబడిన కులాల వాళ్ళకి అని ఆర్డరు వేశాడు. గంగారాం కాంబ్లే అనే దళితుడి చేత టీ హోటలు పెట్టించి తనే వెళ్ళి అక్కడ టీ తాగేవాడు. రాజు తాగాక ఊళ్ళో పెద్దలు ముక్కు మూసుకుని అయినా తాగాల్సిందే కదా.

నేను అడిగేది ఒకటే. మీ పర్లాకిమిడి, జయపురం రాజులు కోటలో తలుపులు ఎవరికైనా అలా తీశారా?

చరిత్ర_పిచ్చి
మగ్గం గారూ, మంచి ప్రశ్న. షాహూ తరహా ఆర్డరు ఇక్కడ లేదు. మా రాజావారి దృష్టి వేరే: భాషా రాష్ట్రం, చదువు, వ్యవసాయం. 1926లో లిన్‌లిత్‌గో అధ్యక్షతన వేసిన రాయల్ వ్యవసాయ కమిషన్‌లో ఈయన సభ్యుడు. దేశమంతా తిరిగి 1928లో రిపోర్టు ఇచ్చారు. ఇప్పటి ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) పుట్టింది ఆ సిఫారసు మీదే.

ఇక ఆయన మంత్రివర్గాల సంగతి. ఇది పిల్లాడు తప్పకుండా చెప్పాలి. 1937లో ఒడిశా ఎన్నికల్లో 60 సీట్లకి కాంగ్రెస్ 36 గెలిచింది, కానీ గవర్నర్ అధికారాల గొడవ మీద ప్రభుత్వం ఏర్పాటు చేయనంది. అప్పుడు ఈయన మొదటి ప్రధానమంత్రి అయ్యారు, అప్పట్లో ముఖ్యమంత్రిని అలా అనేవారు. జూలైలో కాంగ్రెస్ మనసు మార్చుకోగానే దిగిపోయారు. మళ్ళీ 1941 నవంబరు నుంచి 1944 జూన్ దాకా. ఆ రెండోసారి ఉత్కళ విశ్వవిద్యాలయం 1943లో వచ్చింది, కటక్ మెడికల్ స్కూలు 1944లో కాలేజీ అయింది.

అదే రెండోసారిలో 1943 మార్చి 29న బరంపురం జైల్లో లక్ష్మణ్ నాయక్‌ని ఉరి తీశారు. తెంతులిగుమ్మ ఊరి భూమియా గిరిజనుడు, కాంగ్రెస్ ఉద్యమకారుడు. 1942 ఆగస్టు 21న మథిలి పోలీసు స్టేషను ముందు ఊరేగింపు మీద కాల్పులు జరిగితే, ఒక ఫారెస్టు గార్డు చావు ఆయన మీద మోపారు. కాంగ్రెస్ వాళ్ళంతా జైళ్ళలో ఉండగా మంత్రివర్గం నడుపుతున్నది మన రాజావారే.

బరంపురం_బావ
ఉరి వేసింది కోర్టు, తెల్లోడి గవర్నరు. ఆయన చేతిలో ఏముంది?

సవరకొండ
యూనివర్సిటీ వస్తే ఆయన చేతిలోది, ఉరి పడితే తెల్లోడి చేతిలోదా బావా? లెక్క బాగుంది.

బరంపురం_బావ
... సరే. దీనికి నా దగ్గర జవాబు లేదు.

గిడుగు_గొడుగు
ఈ వేదికలో బావ దగ్గర జవాబు లేకపోవడం ఇదే మొదటిసారి. తేదీ రాసి పెట్టుకోండి.

వేదిక_కాపలా
"అమ్ముడుపోయిన తెలుగోళ్ళు" అన్న ఒక పోస్టు తీసేశాను. రాజుని తిట్టండి, పక్కవాణ్ణి తిట్టకండి. కొనసాగించండి.

శిస్తు_రసీదు
చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం మొదటిసారి. మా ఇంట్లో ట్రంకు పెట్టెలో ఒక రసీదు ఉంది. మా ముత్తాత పర్లాకిమిడి ఎస్టేటుకి కట్టిన శిస్తు. అరచెయ్యంత గోధుమరంగు కాగితం, తెలుగులో నల్లసిరా, "రొక్కం ముట్టినది" అని గుమాస్తా చేవ్రాలు, మూలన ఎస్టేటు ముద్ర సగమే పడింది. మడత దగ్గర చిరిగితే మా అమ్మ అన్నం మెతుకుతో అతికించింది.

రెండేళ్ళ కిందట ఆ పొలం పేరు మార్పిడికి ఒక ఆఫీసుకి పట్టుకెళ్ళాను. అక్కడ కూర్చున్నాయన తలకిందులుగా పట్టుకుని చూశాడు. "ఇదేం భాష?" అన్నాడు. నిలువుగా తిప్పి ఇచ్చాను. "ఒడియాలో తర్జుమా చేయించి నోటరీ చేయించుకు రా" అన్నాడు. తర్జుమాకి రెండు వేలు, మూడు వారాలు. మా ముత్తాత కట్టిన శిస్తు కన్నా ఆ రసీదు చదివించడానికి ఎక్కువైంది.

నాకు రాజు మీద కోపమూ లేదు, భక్తీ లేదు. కానీ రాష్ట్రం కోసం అంత పోరాడినాయన కచేరీ లెక్కలు తెలుగులోనే నడిచాయి. ఆయన ఎస్టేటు కాగితం ఆయన తెచ్చిన రాష్ట్రంలో చదివేవాడు లేడు. ఆయనకే చూపిస్తే ఏమనేవాడో.

చిన్నబండి
మీ పోస్టు చదివి కాసేపు కూర్చుండిపోయాను.

పాతపట్నం_పాప
రసీదు గారూ, ఇటు తీసుకురండి, చదివిపెడతాను, డబ్బులొద్దు. నోటరీ మాత్రం మీ తలనొప్పి.

చరిత్ర_పిచ్చి
పక్క జమీందారీలతో పోలిస్తే కూడా చూడాలి. 1940లో మందసలో రైతుల మీద కాల్పులు జరిగి గున్నమ్మ చచ్చిపోయింది. ఆ కాలపు జమీందారీ అంటే మామూలుగా అది. కొలతకర్ర అక్కడ పెట్టి చూస్తే...

సవరకొండ
పక్కవాడు కాల్చాడు కాబట్టి మనవాడు గొప్పా? ఆ కర్రతో కొలవకు పిచ్చి అన్నా.

చరిత్ర_పిచ్చి
ఒప్పుకున్నా. కర్ర పారేశాను.

సోలాపూర్_మగ్గం
మీలా మా వీధిలో షాహూ మహారాజ్ గురించి ఎవరూ కొట్టుకోరు. ఫోటోకి దండ వేసి వెళ్ళిపోతారు. మీ గొడవే నాకు నచ్చింది.

మహేంద్రతనయ_ఒడ్డు
అందరికీ చాలా థాంక్స్. ఇంట్లో ఏం జరిగిందో చెప్తాను.

ఇదంతా ఫోనులో మావాడికి చదివి వినిపిస్తుంటే, మా నాన్న అరుగు మీద వీపు ఇటు పెట్టి కూర్చుని విన్నాడు. వినట్లేదన్నట్టు బీడీ కాలుస్తూ. చిన్నబండి గారి నాయనమ్మ కొంగు దగ్గర నవ్వాడు. గిడుగు పంతులు దగ్గర "చెప్పానా" అన్నాడు. లక్ష్మణ్ నాయక్ దగ్గర బీడీ ఆరిపోయింది, మళ్ళీ వెలిగించుకోలేదు. శిస్తు రసీదు దగ్గర లేచి లోపలికెళ్ళాడు. అలిగాడనుకున్నాను. అటక మీంచి సంచి దించి, దులిపి, తన కాలేజీ సర్టిఫికెట్ తెచ్చి పిల్లాడి ముందు పెట్టాడు. దాని మీద కాలేజీ పేరు కృష్ణచంద్ర గజపతి. మా నాన్న అక్కడ చదివాడని తెలుసు గానీ, ఆ కాగితం ఇన్నేళ్ళు దాచాడని నాకు తెలీదు.

"ఫీజు సగమే కట్టాను, మిగతా సగం మాఫీ" అన్నాడు. అంతే. ఇంకేం అనలేదు.

మావాడు ఉపన్యాసం తిరగరాస్తున్నాడు. నిర్మాత అన్న మాట ఉంచాడు, తాత అడ్డు చెప్పలేదు. గిడుగు పంతులుకి నాలుగు వాక్యాలు, లక్ష్మణ్ నాయక్‌కి మూడు, సొరంగ్ సొంపెంగ్‌కి ఒకటి. టీచరు ఇచ్చిన టైము మూడు నిమిషాలు. ఇప్పటికి ఆరు నిమిషాలొస్తోంది. ఏం కొట్టేయాలా అని తాతా మనవడూ మళ్ళీ పోట్లాడుకుంటున్నారు.

గుణుపురం_గుంటడు
రైలు కొట్టేయకండి. సగమైనా ఉంచండి.

సవరకొండ
ఆ ఒక్క వాక్యం ముట్టుకోవద్దని మనవడితో చెప్పండి.

బరంపురం_బావ
మాఫీ ఇచ్చిందెవరో తాతగారిని కనుక్కోండి. కోటవాళ్ళే అయితే నేను గెలిచినట్టు.

మహేంద్రతనయ_ఒడ్డు
అడిగాను బావా. "ప్రిన్సిపాలు కాళ్ళు పట్టుకుంటే వచ్చింది" అన్నాడు.